పేరు పెట్టే దాకా

మా మరిది ఫోటోలు తీస్తాడు. మెదక్‌లో బస్టాండు నుంచి చౌరస్తాకు పోయే రోడ్డు మీద, మందుల షాపు పక్కన అతని స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలతో మొదలుపెట్టి పెళ్లిళ్లదాకా ఎదిగాడు. కౌడిపల్లిలో పెళ్లయినా, నర్సాపూర్‌లో శారీ ఫంక్షన్ అయినా ముందు అతనికే ఫోన్ వస్తుంది. నాలుగైదేళ్ల నుంచి పసిపిల్లల ఫోటోలకు కూడా గిరాకీ పెరిగింది. పుట్టి నెల తిరగని పిల్లల్ని వెదురు బుట్టలో పడుకోబెట్టి, నెత్తికి ఉన్ని టోపీ పెట్టి, చుట్టూ పూలు పరిచి తీస్తాడు. ఆ పిల్లలు నిద్రలో పెదవి కదిపే క్షణం కోసం గంట సేపైనా మోకాళ్ల మీద కూర్చుంటాడు. తీసిన ఫోటో మాకు చూపించి, మనకు గూడ ఒకరుంటే మంచిగుండు వదినా అనేవాడు.

పెళ్లయిన చాలా ఏళ్లకు మా యారాలు నెల తప్పింది. యారాలంటే తోడికోడలు, మా వైపు అట్లాగే అంటాం. ఆమె ఇంట్లోనే జాకెట్ల మీద మగ్గం వర్కు చేస్తుంది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోసుకోవాలని అనుకున్నాం. మేం పై అంతస్తులో, వాళ్లూ అత్తమ్మా కింద ఉంటాం గానీ వంట ఒకటే.

ఆ తొమ్మిది నెలలు మా మరిది సంబరం చూడాలి. హైదరాబాద్ పోయి మెత్తటి గుడ్డలు, బుట్టలు, చందమామ బొమ్మ ఉన్న తెర కొనుక్కొచ్చాడు. పుట్టబోయే బిడ్డకు భార్య కళ్లు రావాలట, చనిపోయిన తన తండ్రి ముక్కు రావాలట, నవ్వు మాత్రం తనది రావాలట. అన్నం తినేటప్పుడు కూడా అదే ముచ్చట. నీ బిడ్డను నువ్వే ఏరి కూర్చేటట్టున్నవని మా ఆయన నవ్వేవాడు.

ఆ మాటకు నేను కూడా నవ్వాను గానీ, నా నవ్వుకు ఇంకో కారణం ఉంది. నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ సెమిస్టర్‌లో పాఠంగా ఉన్న నవల సరిగ్గా అట్లాంటి మనిషి గురించే. రెండు వందల ఏళ్ల కిందట, పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె రాయడం మొదలుపెట్టిన కథ. అందులో ఒక యువ శాస్త్రవేత్త ప్రాణం పోసే రహస్యం తెలుసుకుంటాడు. అందమైన అవయవాలు ఏరి ఏరి ఒక మనిషిని తయారుచేస్తాడు. ఇల్లు, తిండి, స్నేహితులు అన్నీ మరిచి దాని మీదే పడి ఉంటాడు. చివరికి అది కళ్లు తెరుస్తుంది. ఆ ముఖం చూసి భయపడి, గది వదిలి పారిపోతాడు. మిగతా కథంతా ఆ పారిపోవడం వల్ల జరిగిందే. పాఠం మొదలుపెట్టిన రోజు పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి, గుర్తుపెట్టుకోమన్నాను. అది మా ఇంట్లో చూస్తానని మాత్రం అనుకోలేదు.

బిడ్డ పొద్దున పుట్టింది. సర్కారు దవాఖానాలో లోపల అత్తమ్మ ఉంది, బయట బెంచీ మీద నేనూ మా మరిదీ ఉన్నాం. కెమెరా మెడలోనే ఉంది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆడపిల్ల అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, జర పెదవి దగ్గర చూడుండ్రి, పరేషాన్ కావద్దు, డాక్టరమ్మ మాట్లాడుతుంది అంది. పై పెదవి ఎడమ పక్కన ముక్కు దాకా చీలి ఉంది. ముక్కు ఆ పక్కకు చదునుగా సాగింది. చీలిక లోంచి లేత గులాబీ రంగు చిగుళ్లు కనిపించాయి. మా మరిది చూశాడు. చేతులు చాచినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తిరిగి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. బిడ్డ అప్పుడే ఏడవడం మొదలుపెట్టింది. నర్సు నా చేతుల్లో పెట్టింది.

ఎత్తుకున్నప్పుడు నాకు భయమైంది, కాదనను. కానీ కళ్లు చూశాను. అవి మా యారాలి కళ్లే. అంత పెద్దవి, అంత నల్లనివి.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. దీన్ని గ్రహణం మొర్రి అంటారు గానీ గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, తల్లి కడుపులో మొదటి నెలల్లో ముఖం రెండు పక్కల నుంచి వచ్చి కలవాలి, ఈ బిడ్డకు ఒక పక్క కలవలేదు, అంతే. అంగిట్లో కూడా సందు ఉంది. కొంచెం బరువు పెరిగాక పెదవికి, ఏడాది లోపల అంగిటికి ఆపరేషన్ చేస్తారు, హైదరాబాద్‌లో ఉచితంగా చేసే చోట్లు ఉన్నాయి. స్కానింగ్‌లో ఎందుకు కనబడలేదని అడిగితే, ప్రతిసారీ బిడ్డ పిడికిలి ముఖానికి అడ్డం పెట్టుకుందని పాత కాగితాలు తిరగేసి చూపించింది.

అత్తమ్మకు ఆ మాటలేవీ తలకెక్కలేదు. గ్రహణం నాడు కోడలు కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరించిందనీ, తాను వద్దని మొత్తుకున్నా వినలేదనీ అక్కడే మొదలుపెట్టింది. కుట్లు పడి, నీరసంగా పడుకున్న మా యారాలు అంతా విన్నది. గోడ వైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. బిడ్డను పక్కలో పెట్టమని నన్ను అడిగింది. వేలితో ఆ చీలిక అంచుల్ని మెల్లగా తడిమి చూసింది.

"అక్కా, పాలెట్ల తాగుతది?" అని అడిగింది. ఆమె మొదటి మాట అదే.

తరువాతి రోజులు ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచాయి. చీలిక వల్ల బిడ్డ రొమ్ము పట్టలేదు. తాగినా పాలు ముక్కులోంచి వచ్చేవి. నర్సు నేర్పింది. పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, చీలిక లేని పక్క నుంచి చుక్క చుక్కగా పట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. నేను కాలేజీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పట్టేదాన్ని. మిగతా అంతా మా యారాలే. తాగడం అయ్యేసరికి మళ్లీ తాగే వేళయ్యేది. మగ్గం మూలన పడింది. ఆమె కళ్ల కింద నలుపు వచ్చింది గానీ విసుగు రాలేదు. బరువు చూపించడానికి తీసుకెళ్లినప్పుడల్లా ముల్లు కొంచెం ముందుకు జరిగేది. ఆ రోజు ఇంటికొచ్చి గిన్నెడు సేమియా పాయసం చేసేది.

మా మరిది మాత్రం స్టూడియోలోనే ఉండిపోయాడు. అన్నం వేళకు వచ్చి, తిని పోయేవాడు. పైసలకూ మందులకూ లోటు చేయలేదు. హైదరాబాద్‌లో ఏ దవాఖానాలో ఆపరేషన్ చేస్తారో అతనే కనుక్కున్నాడు. కానీ తొట్టె వైపు చూసేవాడు కాదు. బిడ్డ ఉన్న గది గుమ్మం దగ్గరికి వస్తే కళ్లు గోడ గడియారం మీదికో, కిటికీ మీదికో పోయేవి. మా యారాలు అది చూస్తూనే ఉంది, అడగలేదు.

మొదట మారింది అత్తమ్మ. బిడ్డకు నీళ్లు పోసే ఆమె ఒక రోజు రాలేదు. కోడలు లేవలేదు, నేను కాలేజీకి తయారై ఉన్నాను. అత్తమ్మ గొణుక్కుంటూ పీట వేసుకుని కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను పిక్కల మీద పడుకోబెట్టుకుంది. ముఖం పక్కకు పెట్టుకునే నూనె రాసింది. నీళ్లు పోసేటప్పుడు మాత్రం పక్కకు చూస్తే కుదరదు, ముక్కులోకి నీళ్లు పోతాయి. చూడక తప్పలేదు. వేడినీళ్లకు బిడ్డ ఒళ్లు విరుచుకుని, ఆవలించి, ఆమెనే చూస్తూ ఉంది. అత్తమ్మ చెయ్యి ఆగింది. దీని నొసలు ముసలాయనదే గద అంది, చనిపోయిన మా మామను తలుచుకుని. మరుసటి రోజు నీళ్లు పోసే ఆమె వచ్చినా, ఇంక రావద్దని పంపేసింది.

కాలేజీలో ఆ రోజుల్లోనే నవల సగానికి వచ్చింది. సృష్టించినవాడు వదిలేసిపోయిన ఆ జీవి అడవుల్లో తిరుగుతుంది. దానికి పేరు లేదు. ఒక గుడిసె పక్కన దాక్కుని, గోడ సందులోంచి మనుషుల మాటలు విని భాష నేర్చుకుంటుంది. వాళ్లకు తెలియకుండా కట్టెలు తెచ్చి వాకిట్లో పెడుతుంది. ఆ ఇంట్లో ఒక గుడ్డి ముసలాయన ఉంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు అతనితో మాట్లాడితే, కూర్చో నాయనా అంటాడు. కళ్లున్నవాళ్లు ఇంటికి రాగానే చూసి తరిమి కొడతారు. ఆ తరువాతే అది క్రూరంగా మారి, మనుషుల్ని చంపుతుంది.

తప్పెవరిదని పిల్లల్ని అడిగాను. ఎక్కువమంది శాస్త్రం మీద పడ్డారు. దేవుడు చేసే పని మనిషి చేయకూడదన్నారు. కొందరు చంపిన తరువాత ఎవరైనా దోషే అన్నారు. వెనక బెంచీలో, రేగోడ్ దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదివే అమ్మాయి లేచింది.

"చేసుడు తప్పు గాదు మేడం. చేసి ఇడిసిపెట్టుడు తప్పు. పుట్టించినోడే మొఖం తిప్పుకుంటే ఊరోళ్లు మొఖం చూస్తరా?"

నేను బోర్డు వైపు తిరిగి ఆమె చెప్పింది ఇంగ్లీషులో రాయబోయాను. మొదటి ముక్క రాశాక చెయ్యి ముందుకు సాగలేదు. గంట కొట్టేదాకా వాళ్లనే మాట్లాడుకోనిచ్చాను.

ఇరవై ఒకటో రోజు వచ్చింది, పోయింది. మా వైపు ఆ రోజు బిడ్డను తొట్టెలో వేసి, చెవిలో పేరు చెబుతారు. బంధువులు వస్తారు, ఆడవాళ్లు పాటలు పాడతారు. ఆపరేషన్ అయ్యాక ఘనంగా చేద్దామని మా మరిది అన్నాడు. అత్తమ్మకు బిడ్డ మీద ప్రేమ పుట్టింది గానీ నలుగురి మాటకు భయం పోలేదు, ఆమె కూడా అదే మంచిదంది. అంతవరకూ పాప అని పిలుస్తున్నాం.

ఇంకో మూడు వారాలకు, ఒక ఆదివారం మా ఫోన్‌లన్నీ ఒక్కసారి మోగడం మొదలుపెట్టాయి. బంధువుల వాట్సాప్ గ్రూపులో మా మరిది బిడ్డ ఫోటో పెట్టాడు. మబ్బులు, చందమామ, బుట్టలో పాప. మేనత్తలు, బావలు, ఎవరెవరో ఎంత ముద్దుగుందో అని రాస్తున్నారు. నేను చూసి ఉలిక్కిపడ్డాను. ఆ బిడ్డ పెదవి నిండుగా, నున్నగా ఉంది. ముక్కు కోటేరేసినట్టు ఉంది. కంప్యూటర్‌లో పెళ్లికూతుళ్ల మచ్చలు తీసేసే చేతితోనే అతను ఆ చీలిక పూడ్చేశాడు. బిడ్డ నిద్రపోతుండగా, మేమెవరం గదిలో లేనప్పుడు తీసినట్టున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మా యారాలు ఫోన్ తీసుకెళ్లి అతని ముందు పెట్టింది. అత్తమ్మా నేనూ వడ్డిస్తున్నాం.

"ఈ పిల్ల ఎవలు?" అంది.

మన బిడ్డే అన్నాడు, తలెత్తకుండా.

"కాదు. ఈ పిల్లను నేను కనలే. నేను కన్న బిడ్డ గా తొట్టెల ఉన్నది."

ఆపరేషన్ అయితే ఇట్లాగే ఉంటుంది కదా, అందరికీ ఇప్పుడే చెప్పి వాళ్లు అయ్యో పాపం అంటుంటే వినడం ఎందుకని చేశానన్నాడు. నిజంగానే మంచి చేశాననుకున్నాడు.

"ఆపరేషన్ అయినంక ఎట్లుంటదో అప్పుడు నేను గూడ చూస్త. ఇయ్యాల ఎట్లున్నదో నువ్వు చూడు. ఒక్కపారి చూడు. పేరు ఈ మొఖానికే పెట్టాలె. కుట్లు పడ్డ మొఖానికి పెడితే, ఈ మొఖం మనది గాదన్నట్టే గద."

ఆమె ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అతను కంచంలో చేయి కడుక్కుని లేచి పోయాడు. అత్తమ్మ వెనక పోబోతే మా యారాలే ఆపింది. పోనీ అత్తమ్మా అంది.

సాయంత్రం నేను స్టూడియోకు నడిచి వెళ్లాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. కరెంటు లేదు, గిరాకీ లేదు. అతను కంప్యూటర్ ముందు చీకటి తెరను చూస్తూ కూర్చున్నాడు. చుట్టూ గోడల మీద అతను తీసిన పిల్లలే. నన్ను చూసి కుర్చీ జరిపాడు. తిట్టడానికి వచ్చాననుకున్నట్టుంది. కాలేజీలో ఒక కథ చెబుతున్నాను, వింటావా అన్నాను. తలూపాడు. మొదటి నుంచి చెప్పాను. ఏరి ఏరి అవయవాలు కూర్చడం, కళ్లు తెరిచిన క్షణాన పారిపోవడం, పేరు లేకుండా తిరగడం, గుడ్డి ముసలాయన ఒక్కడే కూర్చోమనడం. పాఠం చెప్పినట్టు కాకుండా, ఇంట్లో జరిగినదాన్ని చెప్పుకున్నట్టు చెప్పాను. ఎక్కడా అతని పేరు తేలేదు, బిడ్డ పేరు తేవడానికి పేరే లేదు.

అతను కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. తరువాత అడిగాడు.

"పారిపోయినోడు మళ్లెప్పుడన్న దగ్గరికి తీస్కున్నడా వదినా?"

"తీస్కోలే. మాట్లాడిండు, కొట్లాడిండు, చచ్చేదాక ఎంబడి వడ్డడు. ఒక్కపారి గూడ దగ్గరికి తీస్కోలే."

"పేరన్న పెట్టిండా?"

"పెట్టలే."

అతను రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "దవాఖాన్ల మెట్లు దిగుతుంటే బిడ్డ ఏడుసుడు ఇనబడ్డది వదినా. ఇనబడ్డా గాని ఎనుకకు మల్లి చూడలే. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని పోవాలె దాని దగ్గరికి?"

"ఆయన కథ అయిపోయింది. నీ కథ ఇంక అయిపోలే. షట్టర్ దించు, పోదాం" అన్నాను.

ఇద్దరం నడిచి వచ్చాం. మా యారాలు ఉగ్గుగిన్నెతో కూర్చుని ఉంది. అతను ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. అతను ఉగ్గుగిన్నె అందుకున్నాడు. తల జర పైకి, ఇటు పక్క నుంచి, తొందర వద్దు అని చెబుతూ ఆమె అతని మణికట్టు సరిచేసింది. అతను ఆ చీలికను చూస్తూనే పాలు పట్టాడు. చూడకపోతే పట్టడం కుదరదు. సగం గిన్నె అయ్యాక బిడ్డ తాగడం ఆపి అతన్ని చూసి నవ్వింది. చీలిన పెదవి రెండు వైపులా విచ్చుకుని, ముఖమంతా నవ్వే అయింది. అతను ఏడ్చాడు. మా యారాలు ఏడవలేదు, గిన్నెలో మిగిలిన పాలు ఒలికిపోతున్నాయని చెప్పింది.

ఆ రాత్రే గ్రూపులో అసలు ఫోటో పెట్టాడు. మా బిడ్డ ఇట్లా పుట్టింది, ఆపరేషన్ చేయిస్తాం, వచ్చే గురువారం తొట్టెల వేస్తున్నాం, అందరూ రావాలని రాశాడు. కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తరువాత ఒక మేనత్త, ఏం తేవాలె బిడ్డకు అని అడిగింది. అక్కడి నుంచి మళ్లీ మోతలే.

గురువారం ఇల్లు పట్టలేదు. వాకిట్లో షామియానా వేశాం. తొట్టెకు మా యారాలు తానే మగ్గం మీద కుట్టిన గుడ్డ కట్టింది. నా క్లాసు పిల్లలు కూడా వచ్చారు, ఆ రేగోడ్ అమ్మాయి అందరికంటే ముందు. తొట్టెలోకి వంగి చూసి, ఎంత పెద్ద కళ్లు మేడం అంది. కళ్లే చూసింది ముందుగా. నాకు అక్కడే కడుపు నిండిపోయింది.

గుసగుసలు లేకపోలేదు. వీధి చివరి ఇంటామె అత్తమ్మ పక్కన చేరి, గ్రహణం నాడు జర జాగ్రత్త పడకపోతిరి, అందరికీ చూపిచ్చుడు ఏం అవసరముండె అని మెల్లగా అంది. మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. నేను అత్తమ్మ ముఖం చూశాను. దవాఖానాలో అవే మాటలన్న మనిషి ఆమె. అత్తమ్మ లేచింది. తొట్టె దగ్గరికి పోయి బిడ్డను ఎత్తుకుని, ముఖం అందరికీ కనిపించేటట్టు భుజం మీదికి తిప్పుకుంది.

"గ్రహణం ఆకాశంల పట్టింది, ఆకాశంల ఇడిసింది. నా మనుమరాలికి ఏం పట్టలే. పెదవి జర చీలింది, కుట్టిస్తం. నా కోడలు ఏం తప్పు చెయ్యలే. నువ్వు అక్షింతలేసి, అన్నం తినే పోవాలె."

ముందు నా విద్యార్థినులు నవ్వారు, తరువాత అందరూ. ఆ ఇంటామె కూడా నవ్వి, అక్షింతలు వేసి, కడుపునిండా తినే వెళ్లింది. మా యారాలు అత్తమ్మనే చూస్తూ నిలబడింది. ఆ చూపులో ఎన్నో రోజుల బరువు దిగిపోవడం నాకు కనిపించింది. పేరు తండ్రి చెప్పాలా, మేనత్త చెప్పాలా అని పెద్దవాళ్లు వాదించుకుంటుంటే, మా మరిది భార్యను ముందుకు పిలిచాడు. ఆమె వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పింది. తరువాత అతను ఇంకో చెవిలో చెప్పాడు, బయటికి వినిపించేంత గట్టిగా. ఆడవాళ్లు పాట అందుకున్నారు. మా వీధి మొత్తానికి ఆ సాయంత్రమే ఆ పేరు తెలిసిపోయింది.

ఆ రోజు అతను తీసిన ఫోటోను పెద్దది చేయించి స్టూడియో అద్దాల వెనక, పెళ్లికూతుళ్ల నడుమ పెట్టాడు. ఏమీ దిద్దలేదు. గిరాకీ దెబ్బతింటుందని తోటి ఫోటోగ్రాఫర్లు చెప్పి చూశారు. నా బిడ్డ ఫోటో నా దుకాణంలో ఉంటుంది అన్నాడు. నిజానికి గిరాకీ తగ్గలేదు. ఒక రోజు ఒక పల్లెటూరి జంట రోడ్డు మీద పోతూ ఆ ఫోటో ముందు ఆగిపోయింది. ఆమె చంకలో బిడ్డ ఉంది, ముఖం మీద కొంగు కప్పి ఉంది. లోపలికి వచ్చి, ఈ పాప ఎవరిదని అడిగారు. నాదే అన్నాడు. అప్పుడు ఆమె కొంగు తీసింది. అతను ఆ మధ్యాహ్నం షట్టర్ దించి వాళ్లను మా ఇంటికి తీసుకొచ్చాడు. మా యారాలు ఆ తల్లికి ఉగ్గుగిన్నెతో పట్టడం చూపించింది. ఆ తరువాత ఇంకా కొందరు వచ్చారు. హైదరాబాద్ దవాఖానాకు దారి చెప్పడం, తోడు పోవడం అతనికి పనిలో భాగమైపోయింది.

మా పాప పెదవి ఆపరేషన్‌కు నర్సాపూర్ మీదుగా బస్సులో అందరం పోయాం. థియేటర్ ముందు బెంచీ మీద మా మరిది బిడ్డ టోపీని పిడికిట్లో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. బయటికి తెచ్చాక మా యారాలు దగ్గరగా వంగి చాలా సేపు చూసింది. కుట్టు మంచిగ పడ్డది సార్, దారం ఎక్కడ గుంజలే అంది. డాక్టరు నవ్వి, కుట్టు పని తెలిసినవాళ్లు ఒప్పుకుంటే నాకు పరీక్ష పాసైనట్టే అమ్మా అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఒక మాటంది. ఆ పాత నవ్వు మళ్లీ రాదు కద అక్కా అంది. దిగులుగా కాదు. ఇష్టమైనదాన్ని సాగనంపినట్టు అంది. ఆ నవ్వుకు ముందే పేరు పెట్టుకున్నాం కాబట్టి, దాన్ని ఎవరూ దాచలేదు కాబట్టి, ఆమె అట్లా అనగలిగింది.

ఏడాది నిండకముందే అంగిటికి కూడా ఆపరేషన్ అయింది. కానీ మాట వెంటనే తీరుగా రాలేదు. గాలి ముక్కులోంచి పోయేది. అమ్మ అనడం సులభంగా వచ్చింది. తండ్రిని బాపు అనబోతే మాపు అని వచ్చేది. మాటలు నేర్పే ఆమె ఇంట్లో చేయించమని ఆటలు చెప్పింది. అరచేతిలో దూది పెట్టి ఊదించడం, అద్దం ముందు పెదవులు మూసి తెరిపించడం. ఇంట్లో ప్రతి పండక్కీ దీపాలకు బదులు కొవ్వొత్తులు ఊదడమే అయింది. అత్తమ్మ రోజూ దూది ఆట ఆడించి, తానే ఓడిపోయేది.

ఇప్పుడు పాప బడికి పోతోంది. పై పెదవి మీద సన్నటి గీత ఉంది, నవ్వితే అది కూడా సాగుతుంది. నేను ఈ ఏడాది మళ్లీ అదే నవల చెబుతున్నాను. పుట్టించినవాడి బాధ్యత గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన పని లేదు.

మొన్న సెలవు రోజున అందరం మెదక్ ఖిల్లా ఎక్కాం. అత్తమ్మ కింద చెట్టు నీడన కూర్చుంది. మా యారాలూ పాపా ముందు, నేను మధ్యలో, కెమెరా సంచీ మోస్తూ మా మరిది అందరికంటే వెనక. పైన బురుజు దగ్గర గాలి బాగా వీస్తోంది. పాప రాయి మీద నిలబడి కిందికి చూసింది. తండ్రి ఇంకా సగం దారిలో ఆయాసపడుతూ ఉన్నాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలిచింది.

"బాపూ, జెల్ది రా."

మా యారాలు నా చేయి పట్టుకుంది. ముక్కులోంచి కాదు, పెదవులు రెండూ గట్టిగా మూసి తెరిచి పిలిచిన పిలుపు. కింద మా మరిది ఆగి, తలెత్తి చూశాడు. సంచీ భుజం మార్చుకుని, మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి వచ్చాడు.